డీఓ స్కూల్ ఫైనల్ చేసే ముందు క్లినికల్ రొటేషన్స్ ఎలా చెక్ చేసుకోవాలి: స్టెప్ బై స్టెప్ గైడ్

"రెండు డీఓ స్కూల్స్ లో సీట్ వచ్చింది ఆంటీ, ఏది తీసుకోమంటారు?" అని చలికాలం మొదలైన దగ్గర్నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. డీఓ అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్, అమెరికాలో ఎండీ లాగే డాక్టర్ అయ్యే ఇంకో డిగ్రీ. ట్యూషన్ ఎంతో చెప్తారు, ఊరు సేఫ్ అంటారు, అనాటమీ ల్యాబ్ కొత్తగా కట్టారని ఫోటోలు పెడతారు. మరి మూడో సంవత్సరం ఏ హాస్పిటల్ లో అని అడిగితే మాత్రం అవతల సైలెన్స్. పక్కనుంచి వాళ్ళ అమ్మగారు ఫోన్ తీసుకుని "అదేంటండీ, మెడికల్ కాలేజీకి హాస్పిటల్ ఉండదా?" అంటారు.

చాలా డీఓ స్కూల్స్ కి ఉండదండీ. మనకి మెడికల్ కాలేజీ అంటే పక్కనే పెద్దాసుపత్రి, గుంటూరులో చదువుకున్న నాకు జీజీహెచ్, వైజాగ్ వాళ్ళకి కేజీహెచ్, హైదరాబాద్ లో ఉస్మానియా, గాంధీ, ఇక పోస్టింగ్స్ ఎక్కడ అని అడిగే పనే లేదు. ఇక్కడ అమెరికాలో డీఓ స్కూల్స్ లో ఎక్కువ భాగం రెండేళ్ళు క్యాంపస్ లో చదివించి, మూడో ఏడు నుంచి వేరే వేరే ఊళ్ళలో ఉన్న హాస్పిటల్స్ కి, క్లినిక్స్ కి పంపిస్తాయి.

మా అమ్మాయి ఇప్పుడు డీఓ నాలుగో సంవత్సరం. నేను ఇక్కడే రెసిడెన్సీ (మన పీజీ లాంటిది) చేసి ఇంటర్నల్ మెడిసిన్ లో పని చేస్తూ కూడా తన అడ్మిషన్ అప్పుడు అడగాల్సినవి సగం అడగలేదు, ఆ సగం కోసమే ఈ గైడ్ రాస్తున్నా. డీఓ మంచిదా ఎండీ మంచిదా అనే గొడవ ఇక్కడ లేదు, "ఎముకల డాక్టరా?" అని అడిగే బంధువులకి జవాబు కూడా లేదు.

1. ముందు రొటేషన్స్ లో రకాలు తెలుసుకోండి

మనం పోస్టింగ్స్ అనేవే, అంటే హాస్పిటల్ లో ఒక్కో విభాగంలో కొన్ని వారాలు పని నేర్చుకోవడం, ఇక్కడ రొటేషన్స్. మూడో ఏడాది కోర్ రొటేషన్స్: ఇంటర్నల్ మెడిసిన్, సర్జరీ, పీడియాట్రిక్స్, ఓబీ గైనిక్, సైకియాట్రీ, ఫ్యామిలీ మెడిసిన్. కొన్ని స్కూల్స్ ఎమర్జెన్సీ మెడిసిన్ కూడా ఇందులో కలుపుతాయి. ఒక్కోటి మామూలుగా 4 వారాలు, మెడిసిన్ లాంటివి కొన్నిచోట్ల 8. నాలుగో ఏడాది ఎలెక్టివ్స్ (తమకి నచ్చినవి ఎంచుకునేవి), సబ్ ఇంటర్న్‌షిప్ (ఇంటర్న్ స్థాయిలో పని చేయడం), ఆడిషన్ రొటేషన్స్ (రెసిడెన్సీ కోరుకునే హాస్పిటల్ లో పని చేసి చూపించడం).

పేరు ఒకటే అయినా జరిగే తీరు మూడు రకాలు.

వార్డ్ టీమ్ రకం: ఒక అటెండింగ్ (టీమ్ ని నడిపే పెద్ద డాక్టర్), ఒక సీనియర్ రెసిడెంట్, ఒకరిద్దరు ఇంటర్న్‌లు, వాళ్ళతో పాటు మీ పిల్ల. మన భాషలో చెప్పాలంటే పీజీలు ఉన్న యూనిట్.

ప్రిసెప్టర్ రకం: ఒక డాక్టర్, ఒక స్టూడెంట్. ఎక్కువగా క్లినిక్ లో.

లాంగిట్యూడినల్ రకం: నెలకొకటి మార్చకుండా ఏడాది పొడుగునా అన్ని స్పెషాలిటీలూ వారంలో రోజుకొకటిగా కలిపి చేయడం. ఇది తక్కువ స్కూల్స్ లో ఉంటుంది.

స్కూల్ ని బట్టి తేడా ఎంత ఉంటుందంటే, ఏ టీ స్టిల్ యూనివర్సిటీ వాళ్ళ అరిజోనా స్కూల్ రెండో సంవత్సరంలోనే పిల్లల్ని దేశం నలుమూలలా ఉన్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకి పంపేస్తుంది, మిషిగన్ స్టేట్ వాళ్ళదేమో ఆ రాష్ట్రంలోనే ఉన్న హాస్పిటల్స్ నెట్‌వర్క్. రెండూ డీఓనే కానీ చదువు అనుభవం మాత్రం ఒకటి కాదు.

2. ఎక్సెల్ షీట్ తయారు చేయండి, కానీ స్కూల్ కి ఒక వరుస కాదు

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశా. స్కూల్ కి ఒక వరుస పెట్టి "రొటేషన్స్: బాగున్నాయి" అని రాసుకున్నా. బాగున్నాయి అంటే ఎక్కడ? ఒకే స్కూల్ లో ఒక సైట్ 600 పడకల ట్రామా సెంటర్ అయితే ఇంకో సైట్ నాలుగు గంటల దూరంలో చిన్న ఊరి ఆస్పత్రి అయ్యుండొచ్చు. మీ పిల్ల చదివేది స్కూల్ యావరేజ్ లో కాదు, ఒక్క సైట్ లో.

కాబట్టి సైట్ కి ఒక వరుస. కాలమ్స్ ఇవి:

☐ సైట్ పేరు, ఊరు, క్యాంపస్ నుంచి ఎంత దూరం
☐ ఈ ఏడాది అక్కడ ఎంతమంది మూడో సంవత్సరం పిల్లలు ఉన్నారు
☐ ఆరు కోర్ రొటేషన్స్ లో ఎన్ని అక్కడే అవుతాయి
☐ వాటిలో ఎన్ని హాస్పిటల్ వార్డ్ లో, ఎన్ని క్లినిక్ లో
☐ ఏ స్పెషాలిటీల్లో రెసిడెన్సీ ఉంది
☐ లేబర్ రూమ్, పిల్లల వార్డ్, సైకియాట్రీ వార్డ్ ఉన్నాయా
☐ అదే హాస్పిటల్ కి ఇంకే స్కూల్స్ వస్తాయి
☐ ఈ సమాచారం ఎవరు చెప్పారు, ఏ తేదీన

చివరి కాలమ్ చాదస్తంగా అనిపిస్తుంది కానీ అడ్మిషన్స్ ఆఫీస్ చెప్పిన మాటకీ నాలుగో సంవత్సరం అబ్బాయి చెప్పిన మాటకీ తేడా వచ్చినప్పుడు అదే పనికొస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే ఇంటర్వ్యూ తేదీ వచ్చిన రోజు. సీట్ వచ్చాక డిపాజిట్ కట్టడానికి టైమ్ తక్కువ ఇస్తారు, చాలాచోట్ల అది తిరిగి రాదు.

3. వెబ్‌సైట్ లో ఉన్న హాస్పిటల్స్ లిస్ట్ ని నమ్మకండి, విడగొట్టండి

స్కూల్ వెబ్‌సైట్ లో మ్యాప్ మీద వంద చుక్కలు పెట్టి "అఫిలియేటెడ్ సైట్స్" అని చూపిస్తారు. ఆ చుక్కల్లో కొన్ని, ఎప్పుడో ఒక స్టూడెంట్ తనంతట తను అడిగి నాలుగో ఏడాదిలో ఒక నెల చేసొచ్చిన చోట్లు కూడా అయ్యుండొచ్చు.

అ) క్లినికల్ ఎడ్యుకేషన్ ఆఫీస్ కి ఈమెయిల్ పెట్టండి. అడ్మిషన్స్ ఆఫీస్ కి కాదు, వాళ్ళ పని సీట్లు నింపడం. అడగాల్సింది ఒకటే: "ఈ సంవత్సరం మూడో ఏడాది కోర్ సైట్స్ ఏవి, ఒక్కోచోట ఎంతమంది?" మంచి స్కూల్ రెండు మూడు రోజుల్లో లిస్ట్ పంపిస్తుంది.

ఆ) ఆ పేర్లు ఒక్కోటి ఏసీజీఎంఈ పబ్లిక్ సెర్చ్ లో కొట్టి చూడండి. అమెరికాలో రెసిడెన్సీలకి గుర్తింపు ఇచ్చేది వాళ్ళే, 2020 జూన్ 30 నుంచి డీఓ రెసిడెన్సీలు కూడా వాళ్ళ కిందకే వచ్చేశాయి. ఆ హాస్పిటల్ లో ఏ రెసిడెన్సీలు ఉన్నాయో అక్కడ ఫ్రీగా కనిపిస్తుంది. ఫ్రీడా అనే డేటాబేస్ లో కూడా చూడొచ్చు.

ఇ) హాస్పిటల్ సొంత వెబ్‌సైట్ చూడండి. ఎన్ని పడకలు, ట్రామా లెవెల్ (ప్రమాద కేసులు చూసే స్థాయి) ఎంత, ఏడాదికి ఎన్ని డెలివరీలు, ఎన్ఐసీయూ (పుట్టిన పిల్లల ఐసీయూ) ఉందా. చిన్న ఊళ్ళలో లేబర్ రూమ్‌లు, పిల్లల వార్డ్‌లు మూసేస్తున్న రోజులివి, అందుకే పీడియాట్రిక్స్, ఓబీ రెండూ ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఈ) మ్యాప్ లో దూరాలు కొలవండి. "మా సైట్స్ అన్నీ ఒకే రీజియన్ లో" అంటారు, ఆ రీజియన్ మన గుంటూరు నుంచి అనంతపురం అంత ఉంటుంది.

4. రెసిడెంట్స్ ఉన్నారా లేదా, అసలు విషయం ఇదే

ఈ గైడ్ లో ఒక్క సెక్షన్ చదివి వెళ్ళిపోతాను అంటే ఇది చదవండి.

హౌస్ సర్జన్సీలో నాకు పని నేర్పింది ప్రొఫెసర్లు కాదు, పీజీలు. రాత్రి రెండింటికి కేస్ వస్తే ముందు ఏం చూడాలి, ఎవర్ని లేపాలి, ఎవర్ని లేపకూడదు, కేస్ షీట్ ఎలా రాయాలి, ఇవన్నీ పక్కన నిలబడి చూస్తేనే వస్తాయి. ఇక్కడా అంతే. వార్డ్ టీమ్ లో ఉన్న స్టూడెంట్ పొద్దున్నే తన పేషెంట్లని ముందే చూసి, రౌండ్స్ లో ప్రెజెంట్ చేసి, నోట్ రాసి, ప్లాన్ చెప్పి తిట్లు తిని నేర్చుకుంటుంది. ఒక్క డాక్టర్ వెనకాల క్లినిక్ లో తిరిగే స్టూడెంట్ కి ఆ డాక్టర్ బిజీగా ఉంటే మిగిలేది చూడటమే, అంటే షాడోయింగ్. ఏడాదంతా అలా గడిచిన పిల్లలు నాలుగో ఏడాది పెద్ద హాస్పిటల్ కి ఆడిషన్ కి వెళ్ళినప్పుడు మొదటి వారం తడబడతారు, అక్కడ ఆ మొదటి వారమే ఇంప్రెషన్.

అలాగని ప్రిసెప్టర్ రకం అంతా చెత్త అనకండి, ఆ మాట నేను ఒప్పుకోను. సర్జరీలో రెసిడెంట్స్ లేని చోట ఫస్ట్ అసిస్ట్ గా (ఆపరేషన్ లో సర్జన్ కి మొదటి సహాయకుడిగా) నిలబడేది స్టూడెంటే, పెద్ద యూనివర్సిటీ హాస్పిటల్ లో అయితే నాలుగో వరుసలో నిలబడి రిట్రాక్టర్ (కోతని తెరిచి పట్టే పరికరం) కూడా దొరకదు. ఫ్యామిలీ మెడిసిన్ మంచి ప్రిసెప్టర్ దగ్గర చేస్తేనే బాగుంటుంది. మా అమ్మాయికి వచ్చిన బెస్ట్ రికమెండేషన్ లెటర్ ఒక చిన్న ఊరి డాక్టర్ గారు రాసిందే, ఎందుకంటే ఆయన తనని నెల రోజులు రోజూ చూశారు.

నేను పెట్టుకున్న రూల్ ఇది, మీకు నచ్చితే వాడుకోండి:

☐ ఇంటర్నల్ మెడిసిన్ వార్డ్ లో, రెసిడెంట్స్ తో తప్పనిసరి
☐ సర్జరీ, ఓబీ, పీడియాట్రిక్స్ లో కనీసం ఒకటి రెసిడెంట్స్ ఉన్న చోట
☐ ఓబీ లో లేబర్ రూమ్ ఉండాలి, గైనిక్ క్లినిక్ మాత్రమే అయితే లెక్కలోకి రాదు
☐ సైకియాట్రీ కనీసం కొంత ఇన్ పేషెంట్
☐ పీడియాట్రిక్స్ క్లినిక్ అయినా సరే కానీ పుట్టిన పిల్లల్ని చూసే అవకాశం ఉండాలి
☐ ఏదో ఒక చోట నైట్ డ్యూటీ, వీకెండ్ కాల్

"కానీ స్కూల్ కి అక్రెడిటేషన్ ఉంది కదా" అని అడుగుతారు. డీఓ స్కూల్స్ కి గుర్తింపు ఇచ్చేది కోకా (చీర కాదండీ, ఆ సంస్థ పేరు అలా పలుకుతుంది). అక్రెడిటేషన్ అంటే కనీస మార్కులతో పాస్ అన్నట్టు. 35 తో పాసైనా పాసే, 90 తో పాసైనా పాసే, మీకు కావాల్సింది ఆ మధ్యలో ఎక్కడుందో.

5. సైట్ ఎవరికి ఎలా ఇస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి

స్కూల్ కి పది సైట్లుంటే రెండు బంగారం, ఆరు పర్లేదు, రెండు ఎవరూ కోరుకోరు. ఇంటర్వ్యూ రోజు చూపించేది ఆ రెండు బంగారాన్నే. అందుకని "మీకు ఏ సైట్స్ ఉన్నాయి" అనే దానికంటే "నాకు ఏది వస్తుంది" అనేది పెద్ద ప్రశ్న.

పద్ధతులు రకరకాలు. కొన్ని స్కూల్స్ రెండో ఏడాదిలో లాటరీ వేస్తాయి. కొన్ని ప్రిఫరెన్స్ లిస్ట్ తీసుకుని కంప్యూటర్ తో కలుపుతాయి. కొన్ని మార్కుల్ని బట్టి ఇస్తాయి, ఇంకొన్ని అడ్మిషన్ అప్పుడే చెప్పేస్తాయి. చివరి రకంలో కనీసం ముందే తెలుస్తుంది, నాకైతే అదే నచ్చుతుంది.

అడగాల్సినవి:

☐ కిందటి ఏడాది మొదటి మూడు ఛాయిస్ లలో ఒకటి ఎంతమందికి వచ్చింది
☐ పెళ్ళైన వాళ్ళకి, పిల్లలున్న వాళ్ళకి, ఆరోగ్య సమస్య ఉన్న వాళ్ళకి మినహాయింపు ఉందా, దానికి ఏం పేపర్లు కావాలి
☐ రిజల్ట్ ఏ నెలలో చెప్తారు, ఇల్లు మారడానికి ఎన్ని వారాలు ఉంటాయి
☐ ఏడాదంతా ఒకే ఊరా, నెల నెలా మారాలా
☐ స్టూడెంట్స్ తమలో తాము సైట్లు మార్చుకోవచ్చా

ఇక ముఖ్యమైనది: కోర్ రొటేషన్ ని స్కూల్ ఏర్పాటు చేస్తుందా, లేక స్టూడెంట్ తనే డాక్టర్ ని వెతుక్కోవాలా. నాలుగో ఏడాది ఎలెక్టివ్స్ ఎవరైనా తమే వెతుక్కుంటారు, అది మామూలే. కానీ మూడో ఏడాది కోర్ రొటేషన్ కోసం పిల్ల ఊళ్ళో డాక్టర్ల ఆఫీసులకి ఫోన్లు చేసుకోవాలి అంటే, ఏడాదికి అంత ఫీజు ఎందుకు కడుతున్నట్టు? అలాంటిది ఒక్క రొటేషన్ కి అయినా సరే, నేనైతే ఆ స్కూల్ ని లిస్ట్ లో కిందకి తోసేస్తా.

6. ఆ హాస్పిటల్ తో ఒప్పందం రెండేళ్ళ తర్వాత కూడా ఉంటుందా

మీరు ఈ రోజు చూసే సైట్ లోకి మీ పిల్ల అడుగు పెట్టేది రెండేళ్ళ తర్వాత. ఈలోపు ఏదైనా జరగొచ్చు. ఫిలడెల్ఫియాలో హానిమన్ హాస్పిటల్ 2019 లో మూతపడితే 550 మందికి పైగా రెసిడెంట్స్ రోడ్డున పడ్డారు. స్టీవార్డ్ కంపెనీ దివాలా తీయడంతో 2024 ఆగస్టు చివర్లో మసాచుసెట్స్ లో కార్నీ, నషోబా వ్యాలీ రెండూ మూసేశారు. 2025 లో పెన్సిల్వేనియాలో క్రోజర్ చెస్టర్. హాస్పిటల్ పోతే రెసిడెన్సీ పోతుంది, దాంతో పాటే స్టూడెంట్ సీట్లూ పోతాయి.

మాకు ఇంత పెద్దది జరగలేదు కానీ, మా అమ్మాయి ఓబీ రొటేషన్ ఇంకో మూడు నెలల్లో ఉందనగా ఆ హాస్పిటల్ లేబర్ వార్డ్ ఎత్తేశారు. స్కూల్ వాళ్ళు హడావుడిగా ఒక గైనిక్ క్లినిక్ లో పెట్టారు, నెల మొత్తంలో తను చూసిన డెలివరీలు సున్నా. తర్వాత నాలుగో ఏడాదిలో ఒక ఎలెక్టివ్ నెల ఖర్చు పెట్టి వేరే చోట చేసుకోవాల్సి వచ్చింది. "ఓబీ సైట్ పోతే మీ బ్యాకప్ ఏది" అని నేను ముందే అడిగి ఉంటే, వాళ్ళ దగ్గర బ్యాకప్ లేదని ముందే తెలిసేది.

☐ గత మూడేళ్ళలో ఏ కోర్ సైట్స్ పోయాయి, ఏవి కొత్తగా వచ్చాయి
☐ పోయినప్పుడు పిల్లల్ని ఎక్కడికి మార్చారు
☐ క్లాస్ సైజ్ పెంచుతున్నారా, కొత్త బ్రాంచ్ క్యాంపస్ పెడుతున్నారా
☐ అదే హాస్పిటల్ కి చుట్టుపక్కల కొత్త స్కూల్ ఏదైనా వస్తోందా

సీట్ల కోసం పోటీ మామూలుగా ఉండదు. న్యూయార్క్ లో ఒక కరీబియన్ స్కూల్ సిటీ హాస్పిటల్స్ తో పదేళ్ళకి 10 కోట్ల డాలర్ల వరకు ఒప్పందం చేసుకుందని 2008 లోనే పేపర్లలో వచ్చింది. డబ్బు కట్టే స్కూల్ పక్కన ఉంటే కట్టని స్కూల్ పిల్లలకి ఎన్ని సీట్లు మిగులుతాయో చూసుకోవాలి.

కొత్త స్కూల్ అయితే ఇంకా జాగ్రత్త. మొదటి బ్యాచ్ బయటకి వచ్చేదాకా వాటికి పూర్తి అక్రెడిటేషన్ ఉండదు, ప్రీ అక్రెడిటేషన్ అంటారు. అక్కడ రొటేషన్స్ గురించి చెప్పేదంతా ప్లానే, చేసి చూసిన పిల్లలు ఉండరు.

7. ఎగ్జామ్స్ తో ముడి

త్వరగా చెప్పేస్తా. డాక్టర్ లైసెన్స్ కి డీఓ వాళ్ళు రాసే పరీక్ష కామ్‌లెక్స్ (లెవెల్స్), ఎండీ వాళ్ళది యూఎస్ఎంఎల్ఈ (స్టెప్స్), డీఓ పిల్లలు కొందరు రెండూ రాస్తారు. కామ్‌లెక్స్ లెవెల్ 1, యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1 రెండూ 2022 నుంచి పాస్ ఫెయిల్ మాత్రమే. స్కోర్ కనిపించేది లెవెల్ 2, స్టెప్ 2 లో, అవి రాసేది మూడో ఏడాది తర్వాత, అంటే రొటేషన్స్ లో నేర్చుకున్నదే ఆ స్కోర్.

☐ ఒక్కో రొటేషన్ చివర షెల్ఫ్ ఎగ్జామ్ (ఆ సబ్జెక్ట్ పరీక్ష) ఏది, డీఓ వాళ్ళ కోమాట్ ఆ, ఎండీ వాళ్ళ ఎన్‌బీఎంఈ దా
☐ రొటేషన్ గ్రేడ్ లో ఎగ్జామ్ కి ఎంత, ప్రిసెప్టర్ ఇచ్చే మార్కులకి ఎంత
☐ లెవెల్ 2 ముందు చదువుకోవడానికి విడిగా వారాలు ఇస్తారా
☐ స్టెప్ 2 కూడా రాయాలనుకుంటే అడ్డు చెప్తారా

8. నాలుగో ఏడాది ఖాళీ ఎంత ఇస్తారు

రెసిడెన్సీ అప్లికేషన్లు ప్రోగ్రామ్స్ చేతికి వెళ్ళేది సెప్టెంబర్ చివర్లో. కాబట్టి జులై, ఆగస్టు, సెప్టెంబర్ నెలలు బంగారం, ఆడిషన్ కి వెళ్ళి మొహం చూపించి లెటర్ తెచ్చుకునేది అప్పుడే. ఆ మూడు నెలల్లో స్కూల్ వాళ్ళు తప్పనిసరి రూరల్ రొటేషనో ఇంకోటో ఇరికిస్తే పని అయిపోయినట్టే.

వీఎస్ఎల్ఓ (బయటి హాస్పిటల్స్ లో రొటేషన్ కి దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) ద్వారా అప్లై చేసే వీలు స్కూల్ ఇస్తుందా చూడండి, బయటి హాస్పిటల్స్ లో ఆడిషన్స్ చాలావరకు దాని మీదే జరుగుతాయి. కొన్ని హాస్పిటల్స్ డీఓ పిల్లల్ని స్టెప్ స్కోర్ అడుగుతాయి, కొన్ని ఫీజు ఎక్కువ తీసుకుంటాయి, కొన్ని అసలు తీసుకోవు, ఇది చేదు నిజం. ఒకే స్పెషాలిటీలో ఎన్ని నెలలు చేయొచ్చు అనే లిమిట్ కూడా అడగండి.

ఎమర్జెన్సీ మెడిసిన్ అనుకునే వాళ్ళకి ఇంకో ముక్క: ఆ ఫీల్డ్ లో స్లో అనే ప్రత్యేక లెటర్ కావాలి, అది రెసిడెన్సీ ఉన్న ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్ లో చేస్తేనే గట్టిగా వస్తుంది. ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ లాంటివి మనసులో ఉంటే ఆ స్కూల్ సైట్స్ లో ఆ రెసిడెన్సీ ఎక్కడుందో ఇప్పుడే వెతకండి.

9. డబ్బు లెక్క, ట్యూషన్ కాకుండా

కారు తప్పదు. కొన్ని నెలలు రెండు చోట్ల అద్దె. ఆడిషన్ కి అప్లికేషన్ ఫీజులు, ఉండటానికి ఖర్చు. కొన్ని సైట్స్ లో హాస్పిటల్ వాళ్ళే రూమ్ ఇస్తారు, అడిగితే తెలుస్తుంది.

ఇది ఇంతకుముందు చిన్న విషయం, ఇప్పుడు కాదు. 2026 జులై 1 నుంచి కొత్తగా లోన్ తీసుకునే వాళ్ళకి గ్రాడ్ ప్లస్ లోన్ (చదువు మొత్తం ఖర్చు వరకు ప్రభుత్వం ఇచ్చే లోన్) ఉండదు, మెడికల్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకి ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షలు, అంతే. చాలా ప్రైవేట్ డీఓ స్కూల్స్ లో ట్యూషన్ కే అది అయిపోతుంది, ఇక నెలకో ఊరు తిరిగే ఖర్చు ఎక్కడ్నుంచి తెస్తారో ముందే కూర్చుని లెక్క వేసుకోండి.

10. పిల్లల్ని అడగండి, సరైన పిల్లల్ని

ఇంటర్వ్యూ రోజు క్యాంపస్ చూపించేది మొదటి, రెండో సంవత్సరం వాళ్ళు. పాపం వాళ్ళకి రొటేషన్స్ గురించి మనకి తెలిసినంతే తెలుసు. మీకు కావాల్సింది మూడో ఏడాది రెండో సగంలో ఉన్న వాళ్ళు, నాలుగో ఏడాది వాళ్ళు, ఇంకా ఆ స్కూల్ నుంచి వచ్చి ఇప్పుడు ఎక్కడో ఇంటర్న్ గా ఉన్నవాళ్ళు. కనీసం ముగ్గురు, వేరు వేరు సైట్స్ నుంచి. స్కూల్ ని అడిగితే ఇద్దర్ని ఇస్తారు, వాళ్ళు ఏరి ఇచ్చిన వాళ్ళు అని గుర్తుంచుకోండి. మూడో మనిషిని మీరే వెతకండి, తెలుగు వాళ్ళలో ఎవరో ఒకరి పిన్ని కొడుకో మేనకోడలో ఆ స్కూల్ లో ఉండకుండా ఉండరు.

ఫోన్ చేసేది పిల్లలే, మీరు కాదు. నేను ఒకసారి చేశా. ఆ అబ్బాయి "యెస్ ఆంటీ, ఎవ్రీథింగ్ ఈజ్ గుడ్ ఆంటీ" తప్ప ఇంకో ముక్క చెప్పలేదు, తర్వాత మా అమ్మాయి చేస్తే నలభై నిమిషాలు ఏడ్చినంత పని చేశాడట.

"రొటేషన్స్ బాగుంటాయా?" అని అడిగితే "బాగుంటాయి" అనే వస్తుంది. ఇలా అడగాలి:

☐ కిందటి వారం మెడిసిన్ లో సోమవారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశావు
☐ ఒక రోజుకి ఎంతమంది పేషెంట్లు నీ బాధ్యత
☐ నోట్స్ సిస్టమ్ లో రాయనిస్తారా, చూడటానికి మాత్రమేనా
☐ ఎన్ని డెలివరీల్లో చెయ్యి పెట్టావు, ఎన్ని కుట్లు వేశావు
☐ మధ్యాహ్నం పన్నెండుకే ఇంటికి పంపేసిన రొటేషన్స్ ఎన్ని
☐ రొటేషన్ మొదలవడానికి ఎన్ని రోజుల ముందు సైట్ కన్ఫర్మ్ అయింది, చివరి నిమిషంలో ఏదైనా క్యాన్సిల్ అయిందా
☐ సమస్య వస్తే సైట్ లో ఎవరికి చెప్పుకోవాలి, చెప్పావా, ఏమైంది
☐ నీకు లెటర్స్ ఎవరు రాశారు
☐ మళ్ళీ ఛాన్స్ వస్తే ఏ సైట్ పెట్టుకుంటావు, ఏది వద్దంటావు

పన్నెండుకే ఇంటికి పంపేశారు అని సంతోషంగా చెప్పే వాళ్ళు కూడా ఉంటారు. చదువుకోవడానికి టైమ్ దొరికిందని వాళ్ళ ఆనందం. నెలలో ఒకరోజు అలా అయితే సరే, రోజూ అదే అయితే ఆ రొటేషన్ జరగనట్టే లెక్క.

11. మ్యాచ్ లిస్ట్ ని రొటేషన్ కళ్ళతో చదవండి

మ్యాచ్ అంటే రెసిడెన్సీ సీట్లు కేటాయించే పద్ధతి, ఏ పిల్లకి ఎక్కడ వచ్చిందో చెప్పేది మ్యాచ్ లిస్ట్. "99 శాతం ప్లేస్‌మెంట్" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ప్లేస్‌మెంట్ లో సోప్ (మ్యాచ్ లో సీట్ రానివాళ్ళకి మిగిలిన సీట్లు ఇచ్చే రౌండ్) లో దొరికినవి, ఒక్క ఏడాది ప్రిలిమినరీ సీట్లు, ట్రాన్సిషనల్ ఇయర్ అన్నీ కలిసిపోతాయి. "జనరల్ సర్జరీ ప్రిలిమినరీ" అని ఉంటే అది సర్జన్ అయ్యే సీట్ కాదు, ఏడాది తర్వాత మళ్ళీ వెతుక్కోవాలి.

ఇందులో నేను చూసేది ఇంకోటి. ఆ స్కూల్ కోర్ సైట్స్ లో ఉన్న రెసిడెన్సీల్లోకి వాళ్ళ పిల్లలే ఎంతమంది వెళ్ళారు? రెండేళ్ళు కళ్ళ ముందు పని చేసిన పిల్లల్ని ఆ హాస్పిటల్ వరసగా తీసుకుంటోందంటే అక్కడ నేర్పుతున్నారనీ, వీళ్ళ పని నచ్చిందనీ అర్థం. ఏటా ఒక్కర్ని కూడా తీసుకోవట్లేదంటే ఎందుకో అడగండి.

12. తప్పు జరిగాక సరిచేసుకోవడం

చాలామంది ఇది చదివేటప్పటికే డిపాజిట్ కట్టేసి ఉంటారు, కొంతమంది పిల్లలు రెండో ఏడాదిలో ఉంటారు. ఏం చేయొచ్చంటే:

సైట్ బాలేదని ఇప్పుడు తెలిసింది: లాటరీ కి ముందే పై చెక్‌లిస్ట్ తో అన్ని సైట్స్ కి వరుసలు నింపండి. బీచ్ దగ్గర, డౌన్‌టౌన్ దగ్గర అని పెట్టుకునే వాళ్ళు క్లాస్ లో సగం మంది, రెసిడెన్సీలు చూసి పెట్టుకునే వాళ్ళకి పోటీ అనుకున్నంత ఉండదు.

అంతా క్లినిక్ రొటేషన్సే వచ్చాయి: మూడో ఏడాదిలో ఒక ఎలెక్టివ్ ఉంటుంది చాలాచోట్ల, దాన్ని రెసిడెన్సీ ఉన్న వార్డ్ లో పెట్టుకోండి. నాలుగో ఏడాది మొదటి నెల డ్రీమ్ ప్రోగ్రామ్ లో కాకుండా వేరే చోట మెడిసిన్ సబ్ ఇంటర్న్‌షిప్ చేయండి, తడబాటు అంతా అక్కడ తీరిపోతుంది.

ప్రిసెప్టర్ చూడటమే తప్ప చేయనివ్వట్లేదు: మొదటి వారంలోనే "రోజుకి ఇద్దరు పేషెంట్లని నేను ముందు చూసి మీకు చెప్పనా సార్?" అని అడగాలి. చాలామంది సరే అంటారు, అడిగే వాళ్ళే ఉండరు. రెండో వారానికీ మారకపోతే సైట్ కోఆర్డినేటర్ కి రాయాలి, నెల అయ్యాక రాస్తే ఏ ఉపయోగం లేదు.

సైట్ హఠాత్తుగా పోయింది: స్కూల్ చూపించిన కొత్త చోటు ఇన్ పేషెంటా, లేబర్ రూమ్ ఉందా అని ఆ రోజే ఈమెయిల్ లో అడగండి, ఫోన్ లో కాదు. మేము ఫోన్ లో "సరేనండీ" అనేశాం. నెల తర్వాత కంప్లైంట్ చేస్తే "మీరు ఒప్పుకున్నారు కదా" అన్నారు, మా దగ్గర చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు.